నాన్న పోయిన ఏడాది, అత్తవారింట పెద్ద పండుగ: ఒక కోడలి ప్రశ్నకు జవాబు

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీది హైదరాబాదులో ఉద్యోగం, అత్తవారిది అమలాపురం దగ్గర పల్లెటూరు, పుట్టిల్లు తెనాలి. శ్రావణ మాసంలో మీ నాన్నగారు కాలం చేశారు. వేసవిలో మీ ఆడపడుచు పెళ్లి జరిగింది కనుక ఈ సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తున్నాడు. అత్తయ్యగారు మిమ్మల్ని పది రోజుల ముందే రమ్మంటున్నారు. బెంగళూరులో ఉన్న తోడికోడలు భోగి నాటికి వస్తానంది. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి మీకు తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తోంది, ఆరేళ్ల పాప మీద ఊరికే విసుక్కుంటున్నారు, వంటగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏడుపు వస్తోంది. మీ వారితో చెబితే "మూడు రోజులే కదా, సర్దుకో" అన్నారు. పండుగ మానేస్తే తప్పా, ఇది డిప్రెషనా, లేక చలికాలం వల్ల ఇలా అవుతోందా అన్నవి మీ ప్రశ్నలు.

గోదావరి జిల్లాల కుటుంబాలతో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి నెలాఖరు వరకు నా దగ్గరకు వచ్చే ఆడవారిలో చాలామంది మీలాగే "నాకు పండుగంటే ఇష్టమే, కానీ ఈసారి వద్దనిపిస్తోంది" అంటూనే మాట మొదలుపెడతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పండుగ మానేయవలసిన అవసరం మీకు లేదు. అయితే నిరుడు చేసినట్టే ఈ ఏడూ చేయవలసిన అవసరం అంతకన్నా లేదు. మీ మాటల్లో చాకిరి, దుఃఖం, బహుశా కొంత అనారోగ్యం ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తున్నాయి. వీటిని విడదీసి చూడకపోతే ఏ ఉపాయమూ పనిచేయదు, ఎందుకంటే విశ్రాంతి తీసుకున్నంత మాత్రాన జబ్బు నయం కాదు, మాత్ర వేసుకున్నంత మాత్రాన ఇంటి పని పంచుకునే మనుషులు పుట్టుకురారు, పని పంచుకున్నంత మాత్రాన నాన్న లేని లోటు తీరదు.

మొదట అనారోగ్యం సంగతి చూద్దాం, ఎందుకంటే దీన్ని పండుగ తర్వాతకు వాయిదా వేయకూడదు. ధనుర్మాసంలో ముగ్గుల కోసం పెందలాడే లేవడం మన ఇళ్లలో మామూలే. అయితే ఎవరూ లేపకుండానే చీకట్లో మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టక, ఆ వేళకే మనసు అన్నిటికన్నా బరువుగా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడటం వైద్యులు ప్రత్యేకంగా పట్టించుకునే లక్షణం. దానితోపాటు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, ఆకలి తగ్గడమో విపరీతంగా పెరగడమో, చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోవడం, ఒంట్లో సత్తువ లేనట్టు ఉండటం, "నా వల్ల అందరికీ ఇబ్బందే" అన్న ఆలోచన పదే పదే రావడం, ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉంటే దాన్ని డిప్రెషన్‌గా అనుమానించాలి. పి.హెచ్.క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి ఉంది. గత రెండు వారాలను తలచుకుని ప్రతి ప్రశ్నకూ సున్నా నుంచి మూడు వరకు మార్కు వేసుకోవాలి. మొత్తం 27లో 10 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుణ్ని కలవాలి. అది నిర్ధారణ పత్రం కాదు, వైద్యుని దగ్గరకు వెళ్లాలా వద్దా అన్న సందేహాన్ని తీర్చే సాధనం మాత్రమే. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి, తనకు తాను హాని చేసుకోవడం గురించి అడుగుతుంది. దానికి మీ జవాబు సున్నా కాకపోతే మొత్తం ఎంత వచ్చిందని చూడవద్దు, ఆ రోజే మీ వారికి చెప్పి సాయం తీసుకోండి. 14416 నంబరు, ఫోనులోనే మానసిక ఆరోగ్య సలహా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవది. ఖర్చు లేదు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆప్తులు పోయినవారికి ఏడుపు రావడం సహజమే కదా, దీన్ని జబ్బు అనడం ఎందుకన్న అనుమానం మీకు కలగవచ్చు. న్యాయమైన అనుమానమే. అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథంలో కూడా ఒకప్పుడు ఆప్తులు మరణించిన తొలి రెండు నెలల్లో సాధారణంగా డిప్రెషన్‌గా నిర్ధారించకూడదన్న మినహాయింపు ఉండేది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో దాన్ని తొలగించారు, ఎందుకంటే దుఃఖం ఉన్నంత మాత్రాన డిప్రెషన్ రాదన్న హామీ ఏమీ లేదు, రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. నేను చూసినంతలో తేడా ఇలా తెలుస్తుంది. దుఃఖం ఏదో ఒకటి గుర్తుకు వచ్చినప్పుడు ఉప్పెనలా వచ్చి మళ్లీ తగ్గుతుంది. నడుమ పాప చెప్పిన మాటకు నవ్వు వస్తుంది, మంచి కాఫీ తాగితే రుచి తెలుస్తుంది, నాన్న గురించి మాట్లాడితే కాస్త ఊరట కలుగుతుంది. డిప్రెషన్‌లో అలాంటి విరామం దాదాపు ఉండదు. నాన్న లేరన్న బాధ కన్నా "నేను దేనికీ పనికిరాను" అన్న భావన పైచేయి అవుతుంది. మీరు రాసిన వాటిలో రెండింటి ఛాయలూ ఉన్నాయి కనుక ఈ వారంలోనే, ఊరికి బయలుదేరక ముందే హైదరాబాదులో ఒక మనోవైద్యుణ్ని కలవమని నా గట్టి సలహా. ప్రైవేటు వైద్యుని దగ్గరకు వెళ్లలేకపోతే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో బయటి రోగులను చూస్తారు. అక్కడికి వెళితే ఎవరైనా చూస్తారేమోనని చాలామంది జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉండే హక్కును మీకు ఇచ్చింది. మీరు చెప్పాలనుకుంటే తప్ప అది అత్తవారింటి వరకు వెళ్లే విషయం కాదు.

అదే వారం రక్త పరీక్షలు కూడా చేయించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైగా. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 తక్కువైనా, హెచ్చుతగ్గులున్నా నీరసం, చిరాకు, దిగులు ముంచుకొస్తాయి; అవి సరిదిద్దగలిగినవి. వైద్యుడు డిప్రెషన్ మందు రాస్తే దాని గుణం తెలియడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, కాబట్టి భోగి నాటికి తేడా కనిపించలేదని మానేయవద్దు. ఊళ్లో బంధువుల ముందు మందు వేసుకోవడానికి మొహమాటపడి పండుగ రోజుల్లో ఆపేసేవారిని చూశాను. అలా హఠాత్తుగా ఆపడం మంచిది కాదు. ఎవరో పెద్దావిడ "నిద్ర పట్టడానికి అరమాత్ర వేసుకో" అని తన డబ్బాలోంచి ఇచ్చే ఆల్‌ప్రజోలం వంటి మాత్రలు తీసుకోనే వద్దు, అవి అలవాటు పడతాయి.

చలికాలం సంగతి అడిగారు కనుక రెండు మాటలు. శీతాకాలంలో పగటి వెలుతురు తగ్గడం వల్ల కలిగే డిప్రెషన్‌ను 1984లో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు అమెరికాలో వర్ణించారు. డిసెంబరు చివర మినియాపొలిస్ వంటి నగరంలో సాయంత్రం నాలుగున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. అలాంటి చోట ఉన్న మన పిల్లలకు ఉదయం పూట 10,000 లక్సుల (లక్సు వెలుతురుకు కొలమానం) దీపం ముందు అరగంట కూర్చోమని వైద్యులు సూచించడం కద్దు. మన దగ్గర అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు ఉంటుంది, కాబట్టి మీ విషయంలో వెలుతురును ప్రధాన కారణంగా నేను చూడటం లేదు. అయితే చీకటితో లేచి వంటింట్లోకి వెళ్లి చీకటి పడ్డాక బయటికి వచ్చే కోడలికి ఆ 11 గంటల పగలు ఉన్నా లేనట్టే. ఊళ్లో ఉన్నన్ని రోజులూ ఎండ వచ్చాక అరగంట చేలగట్ల వెంట నడవండి. రాత్రి నిద్రకు అది నిజంగా ఉపకరిస్తుంది.

ఇక దుఃఖం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరూ దీని గురించి మాట్లాడుతున్నట్టు లేదు. చాలా కుటుంబాల ఆచారంలో పెళ్లయిన కూతురికి తల్లిదండ్రుల మైల మూడు రోజులే. గోత్రం మారింది కనుక ఏటి సూతకం పుట్టింటికే గానీ ఆమెకు ఉండదు. అందువల్ల మీ అత్తవారి లెక్కలో మీకు పండుగ చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు, అందులో వారి తప్పూ లేదు. కానీ ఆ లెక్క పూజకూ, మడికీ సంబంధించినది. కూతురి మనసు ఎన్నాళ్లకు కుదుటపడాలో అది చెప్పదు. తెనాలిలో గడపకు పండుగ ముగ్గు లేకుండా, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకుండా మీ అమ్మగారు ఒక్కరే కూర్చుని ఉంటారు. అదే ఘడియలో మీరు పట్టుచీర కట్టుకుని అమలాపురం దగ్గర కొత్త అల్లుడికి గారెలు వడ్డిస్తుంటారు. ఈ రెండు దృశ్యాలూ మీ కళ్ల ముందు ఒకేసారి ఉన్నాయి. మూడున్నరకు మెలకువ వచ్చినప్పుడు మీరు ఆలోచిస్తున్నది ఇదేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఒక విషయం మీకు కొంత ఆసరా కావచ్చు. సంక్రాంతి మన ప్రాంతంలో అల్లుళ్ల పండుగ కావడానికి ముందే పెద్దల పండుగ. ఆ రోజున తర్పణాలు వదులుతారు, గుమ్మడికాయ దానమిస్తారు, పోయినవారి పటాల ముందు కొత్త బట్టలు పెట్టి వారికి ఇష్టమైనవి వండి నివేదన చేస్తారు. పోయినవారిని తలచుకోవడం ఆ పండుగకు అపశకునం కాదు, అసలు కార్యమే అది. కాబట్టి మీ కళ్ల నీళ్లు పండుగను పాడుచేస్తాయన్న భయం పెట్టుకోవద్దు. మీ నాన్నగారికి శాస్త్రోక్తంగా జరగవలసినవి మీ అన్నయ్యో తమ్ముడో, ఆ బాధ్యత తీసుకున్నవారో చూసుకుంటారు. మీరు మీ చేతనైనంతలో ఆయన పేరు మీద ఒకరికి పంచె, కండువా ఇవ్వవచ్చు, లేదా ఆయనకు ఇష్టమైన వంటకం ఒకటి చేసి పదిమందికీ పెట్టవచ్చు. అత్తయ్యగారితో ముందుగానే చెప్పి చేయండి. చెప్పడం మీ వారికి వదిలేయవద్దు. నాన్నగారి మాట మీ నోటి నుంచే రావాలి. "అత్తయ్యగారూ, ఇది నాన్న లేకుండా నాకు మొదటి సంక్రాంతి. పనిలో ఉన్నప్పుడు మధ్యలో కళ్ల నీళ్లు వస్తే మరోలా అనుకోకండి, కాసేపు పెరట్లో కూర్చుని వస్తాను" అని ఫోనులోనే చెప్పండి. చాలామంది అత్తలు ఈ మాటకు మెత్తబడతారు, ఎందుకంటే వారూ ఒకనాడు తండ్రిని పోగొట్టుకుని అత్తవారింట పండుగ చేసినవారే.

మీ అమ్మగారి దగ్గరకు పండుగకు ముందు వెళ్లాలా, తర్వాత వెళ్లాలా అని ఊగిసలాడుతున్నారు. ముందు వెళ్లండి. అత్తయ్యగారు అడిగిన పది రోజుల్లో మొదటి మూడు నాలుగు రోజులు తెనాలిలో గడిపి, పాపను కూడా ఆ రోజులు అమ్మమ్మతో గడపనిచ్చి, భోగికి మూడు నాలుగు రోజుల ముందు రాజమండ్రి మీదుగా అమలాపురం చేరుకోవచ్చు. అమ్మను చూసి వచ్చిన మనసుతో చేసే పనికీ, అమ్మ ఎలా ఉందోనన్న దిగులుతో చేసే పనికీ చాలా తేడా ఉంటుంది. పండుగ లేని ఇంటికి ఇరుగుపొరుగువారు పిండివంటలు పంపడం చాలా ఊళ్లలో ఉన్న మంచి ఆచారం. అక్కడ అమ్మగారికి దగ్గరైనవారు ఎవరైనా ఉంటే ఆ మూడు రోజులూ ఒక పూట వెళ్లి కూర్చోమని ముందే అడిగి పెట్టుకోండి. తిరుగు ప్రయాణం గురించి కూడా ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. కనుమ నాడు కాకైనా కదలదన్న సామెతను ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, దానితో వాదించనవసరం లేదు. ముక్కనుమ నాడు బయలుదేరుతామని టిక్కెట్టు చూపిస్తే సరిపోతుంది.

చాకిరి విషయానికి వస్తాను. అరిసెలనే తీసుకుందాం. బియ్యం నానబోసి, నీళ్లు మార్చి, వడకట్టి, తడి ఆరకముందే మర పట్టించి, జల్లించి, ఆ పిండి పొడిబారకుండా నొక్కి మూతపెట్టాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టే దాకా పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. కాస్త ముదిరితే అరిసె రాయిలా అవుతుంది, లేతగా దింపితే నూనెలో విచ్చిపోతుంది. పాకంలో పిండి పోసేవారు ఒకరు, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పేవారు ఒకరు, నువ్వులు అద్ది ఆకు మీద తట్టేవారు ఒకరు, వేయించేవారు ఒకరు, చెక్కల మధ్య పెట్టి నూనె పిండేవారు ఒకరు కావాలి. అది నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ చేయడానికి ఏర్పడిన వంట. ఇప్పుడు ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, సెలవు పెట్టి వచ్చిన ఒక కోడలు ఉంటారు. అరిసెల సంఖ్య మాత్రం పాత రోజులదే, ఎందుకంటే వియ్యాలవారికి సారె పంపాలి, పనివారికి పెట్టాలి, హైదరాబాదుకూ బెంగళూరుకూ డబ్బాలు కట్టాలి. మీ అలసటకు కారణం మీ ఓపిక తక్కువ కావడం కాదు, చేతులు తగ్గినా పని తగ్గకపోవడం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పనిలో పాల్గొన్న ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. అది మామూలు రోజుల సంగతి.

అందువల్ల ఈ వారాంతంలో పాప నిద్రపోయాక, టీవీ కట్టేసి, మీ వారితో కలిసి ఒక కాగితం మీద పండుగ పనులన్నీ రాయండి. పొయ్యి దగ్గర పనులతో ఆపవద్దు. గ్యాసు బండ రెండోది ఉందా, కొత్త అల్లుడి బట్టల కొలతలు ఎవరు కనుక్కోవాలి, జాకెట్లు దర్జీ దగ్గర నుంచి ఎవరు తేవాలి, పెద్దలకు పెట్టే బట్టలు, పాపకు పోయడానికి రేగుపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర డబ్బులు, హరిదాసుకూ గంగిరెద్దులవారికీ ఇవ్వవలసిన బియ్యం, మామయ్యగారి బి.పి. మాత్రలు, ఇవన్నీ రాయాలి. ఇవి చేయడానికి పట్టే సమయం కన్నా గుర్తుపెట్టుకోవడానికి పట్టే శ్రమ ఎక్కువ, ఆ శ్రమ అంతా ఇప్పటివరకు మీ ఒక్కరి తలలోనే ఉంది. కాగితం పూర్తయ్యాక ఒక్కో పని పక్కన ఒక్క పేరు రాయండి. ఎవరి పేరు రాశారో ఆ పనిని మొదటి నుంచి చివరి వరకు వారే చూసుకోవాలి. మీరు గుర్తు చేయకూడదు, వారు మిమ్మల్ని అడగకూడదు. మీ వారు "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అంటారు. మంచి మనసుతోనే అంటారు. అయినా ఆ పద్ధతిలో చెప్పే భారం మీ మీదే మిగులుతుందని ఆయనకు నెమ్మదిగా వివరించండి. "మూడు రోజులే కదా" అన్న మాటకు కూడా ఆ కాగితమే జవాబు; దానిలో ఎన్ని రోజుల పని ఉందో ఆయన కళ్లతో ఆయనే చూస్తారు.

పది రోజులు కాదు, నాలుగు రోజుల ముందే వస్తామన్న మాటను అత్తయ్యగారికి చెప్పవలసినది మీ వారు. ఈ విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు. అదే మాట కోడలి నోట వస్తే ధిక్కారంలా వినిపిస్తుంది, కొడుకు నోట వస్తే ఏర్పాటులా వినిపిస్తుంది. మన ఇళ్ల తీరు అది. ఆయన చెప్పేటప్పుడు "తనకు బాగాలేదట" అని మీ మీదకు నెట్టకుండా "మేమిద్దరం ఇలా అనుకున్నాం అమ్మా" అనాలి. అత్తయ్యగారి వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. కూతురి పెళ్లయ్యాక తొలి సంక్రాంతి. అల్లుడికీ, వియ్యాలవారికీ ఏ లోటు జరిగినా ఆ మాట ఏళ్ల తరబడి వినవలసి వస్తుందన్న బెంగ ఆమెకు ఉంటుంది. పది రోజుల ముందే రమ్మనడంలో మీ మీద అధికారం కన్నా ఆ బెంగే ఎక్కువ ఉండవచ్చు. ఇంట్లోనే వండి తీరాలని ఆమె అనుకునే వంటకాలు ఏవో రెండు చెప్పమనండి. ఆమె అరిసెలు, సున్నుండలు అంటే వాటిని ఊళ్లో చేయి తిరిగిన ఒకరిద్దరిని కూలికి పిలిచి, ఆమె పర్యవేక్షణలో చేయించండి. మిగిలినవి కొనండి. పూతరేకులకు ఆత్రేయపురం దగ్గరలోనే ఉంది, 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాపేశ్వరం కాజా పెట్టడం ఏ అల్లుడికీ మర్యాద తక్కువ కాదు. జంతికలు, చేగోడీలు స్వగృహ ఫుడ్స్ దుకాణం నుంచి వస్తే ఎవరి పరువూ పోదు. తోడికోడలి మీద మీకున్న కినుక అర్థమవుతోంది. భోగి నాటికి వచ్చే మనిషిని ముందే రమ్మని పోరడం కన్నా, కొనవలసిన వాటి బాధ్యత, కనుమ రోజు వంట బాధ్యత ఆమె పేరు పక్కన రాయడం సులువు. ఫోను చేసి నేరుగా అడగండి, ఆడపడుచు ద్వారా కబురు పంపవద్దు.

డబ్బు గురించి ఒక్క మాట చాలు. నిరుడు మీ వారు స్నేహితులతో కోడిపందేల బరి దగ్గర పోగొట్టుకున్న సొమ్ము గురించి రాశారు. ఈ ఏడు ఆసుపత్రి ఖర్చుల తర్వాత మీ పరిస్థితి ఇద్దరికీ తెలుసు. పండుగకు ఇంత అని ఒక మొత్తం ఇద్దరూ అనుకుని, అందులో పందేలకు ఏమీ ఉండదని బయలుదేరక ముందే మాట తీసుకోండి. బరి దగ్గర నిలబడి తీసుకునే మాట నిలవదు.

ఆ మూడు రోజులు ఎలా గడపాలో కూడా కొంచెం ముందుగా ఆలోచించుకుని వెళ్లండి. భోగి తెల్లవారుజామున మంట దగ్గరకు అందరూ లేస్తారు, కాబట్టి ముందు రాత్రి పదింటికల్లా పడుకోవాలి. తర్వాతి రెండు రోజుల ముగ్గులు ఆడపడుచుకూ, పక్కింటి పిల్లలకూ వదిలేయండి. పెళ్లయ్యాక తొలిసారి పుట్టింటికి వచ్చిన పిల్లకు గొబ్బెమ్మలు పెట్టాలన్న సరదా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట నడుం వాల్చడం మీ హక్కుగా భావించండి. మనసు బరువెక్కే ఘడియలు ఏవో ముందే ఊహించవచ్చు. నిరుడు పాపకు భోగిపళ్లు పోసినప్పుడు మీ నాన్నగారు కూడా ఉన్నారని రాశారు. ఈ ఏడు అది మీకు కష్టమైన ఘడియ అవుతుంది. ఆ వేడుక మానవద్దు. తెనాలి నుంచి అమ్మమ్మ చేత గుప్పెడు రేగుపళ్లు పాప కోసం పంపించుకోండి, మొదటి గుప్పెడు వాటితో పోయమని మామయ్యగారిని అడగండి, అయ్యాక మీకు లోపలికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. కనుమ మధ్యాహ్నం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మీ వారు, మామయ్యగారు కలిసి అల్లుణ్నీ, పాపనూ తీసుకెళితే ఇల్లు కొన్ని గంటలు నెమ్మదిగా ఉంటుంది. ఆ వేళ మీరు వంట గిన్నెలు ముందు వేసుకోకుండా పడుకోవాలి, లేదా అమ్మతో తీరిగ్గా ఫోనులో మాట్లాడుకోవాలి.

పాప విషయంలో మీరు చాలా బాధపడుతున్నారు. ఆరేళ్ల పిల్లలు అమ్మ కోపాన్ని తమ తప్పుగా లెక్క వేసుకుంటారు, కారణం చెబితే అలా లెక్క వేసుకోరు. "తాతయ్య గుర్తొచ్చి నాకు దిగులుగా ఉంది, అందుకే అరిచాను, నీ మీద కోపం కాదు" అని దగ్గరకు తీసుకుని చెప్పండి. ఎన్నిసార్లు అరిస్తే అన్నిసార్లూ చెప్పండి. తాతయ్య గురించి పాప అడిగితే మాట మార్చవద్దు; దానికీ తాతయ్య మీద బెంగ ఉంటుంది.

పండుగ వెళ్లిపోయాక వచ్చే వారం చాలామందికి పండుగ కన్నా కష్టంగా ఉంటుంది. అప్పటిదాకా పని ఊపులో ఆగిన దుఃఖం హైదరాబాదుకు వచ్చి తాళం తీయగానే మీద పడవచ్చు, అందుచేత ముక్కనుమ తర్వాత ఒక్కరోజైనా సెలవు మిగుల్చుకోండి. జనవరి చివరి వారంలో ఆ తొమ్మిది ప్రశ్నల పత్రం మళ్లీ నింపి, ఇప్పటి మార్కుతో పోల్చి చూసి, ఆ కాగితంతోనే వైద్యుణ్ని రెండోసారి కలవండి; ఆ తేదీని ఊరికి బయలుదేరక ముందే తీసుకోవాలి, వచ్చాక చూద్దామంటే జరగదు. రెండోసారి మీ వారిని కూడా వెంట తీసుకెళ్లండి. మిగిలిన మాసికాల తేదీలు, సంవత్సరీకం తిథి అన్నయ్య దగ్గర కనుక్కుని మీ ఇంటి క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, వాటిలో ఏవేవి తెనాలిలో ఉండి తీరాలో ఇప్పుడే నిర్ణయించి, ఆఫీసులో సెలవు అడిగి ఉంచండి.